ఆమేన్ అనేదాకా

మా ఆయన విజయకుమార్ ఆఫీసులో టీమ్ లీడ్. పాస్టరుగారు ఇండియా వెళ్లడంతో ఆ నెల సంఘాన్ని నడిపించే పని కూడా ఆయన మీదే పడింది. ఈ పరాయి దేశంలో మేముండే ఊరు లోవర్ హట్‌లో మా తెలుగు సంఘమంటే ఇరవై రెండు మందిమి, సముద్రానికి రెండు వీధుల ఇవతల అద్దెకు తీసుకున్న ఒక హాలు. ఆ ఆదివారం ఆయన ఎర్ర సముద్రం ముందు నిలబడ్డ మోషే గురించి చెప్పాడు. వెనక ఫరో సైన్యం, ముందు నీళ్లు. భయపడకుండా ఊరక నిలబడి చూడమని మోషే జనంతో అన్న మాట దగ్గర ప్రసంగం ఆపేశాడు.

అప్పుడే భూమి ఊగింది. కుర్చీలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, గోడ గడియారం ఊడిపడింది. నిమిషం దాటినా ఆగలేదు. ఆగీ ఆగగానే అందరం మోకాళ్ల మీద పడ్డాం. మా ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు.

అంతసేపు ఊగితే సునామీ అల రావచ్చు, సైరన్ కోసం చూడకుండా గుట్టెక్కాలని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. మా అమ్మాయి కీర్తన నా చున్నీ లాగుతూ "మమ్మీ, వుయ్ హావ్ టు గో" అంటోంది. నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. కానీ నడిపించేవాడు ఆమేన్ అనకుండా లేచే అలవాటు మాకు లేదు. లేచినవాళ్లకి విశ్వాసం తక్కువని పేరొస్తుంది. ఆయనేమో అబ్రాహాము దేవా, ఇస్సాకు దేవా అంటూ సాగదీస్తున్నాడు. పదహారేళ్ల కాపురంలో ఆ గొంతు నాకు తెలుసు. ఆమేన్ అన్నాక ఏం చేయాలో చెప్పాలి, అది చెప్పడానికి భయపడుతున్నాడు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయినా మోకాళ్ల మీదే ఉండిపోయాను.

మోకాళ్ల నొప్పులతో కుర్చీలోనే ఉండిపోయిన వేదవతి ఆంటీ మధ్యలో అందుకుంది.

"బాబూ, ఆ తర్వాత మాట నువ్వు చెప్పలేదు. నాకెందుకు మొరపెడతావు, జనాన్ని ముందుకు నడవమను అని దేవుడు మోషేని కోప్పడ్డాడు."

ప్రార్థన ఆగింది. మా ఆయన కళ్లు తెరిచాడు.

"ఆమేన్," అన్నాడు. "అందరూ లేవండి. కార్లొద్దు, గుట్ట మీదకి నడవండి."

ఆంటీ తనను వదిలేసి వెళ్లమంది. ఆయన వినకుండా ఆమెను వీపున ఎక్కించుకున్నాడు. నేను కీర్తన చెయ్యి పట్టుకుని నడిచాను. వెనక్కి తిరిగి సముద్రాన్ని చూసే ధైర్యం నాకు లేకపోయింది. సగం ఎక్కేసరికి ఆయనకు ఆయాసమొచ్చింది. నిలబడిపోయి మళ్లీ ప్రభువా, ప్రభువా అని మొదలెట్టాడు.

"ప్రార్థన నేను చేస్తాలే నాయనా," అంది ఆంటీ వీపు మీంచి. "నువ్వు నడువు."

ఆ రోజు అల రాలేదు. రెండు గంటల తర్వాత అందరం దిగి ఇళ్లకు వెళ్లాం. పై ఆదివారం నుంచి మా ఆయన ప్రార్థనలు చిన్నవయ్యాయి. నేను అందరితో పాటు మోకరిస్తాను గానీ కళ్లు మూసుకోను. ఆయన ఆమేన్ అనేదాకా తలుపు వైపే చూస్తుంటాను.