చల్లారిన ట్రే

ఆ బేకరీలో వేడి చూసే సాధనం ఒక్కటే, మేస్త్రి అరచెయ్యి. కొట్టూ ఆయనదే, మాటా ఆయనదే. పొయ్యిలోంచి తీసిన ట్రేని తాకి "చల్లారింది, పట్టుకో" అన్నాడంటే కూతురు దాన్ని ఉత్త చేతుల్తో ఎత్తి అరలో పెట్టాల్సిందే. గుడ్డ అందుకుంటే "సుకుమారాలు ఇంటి దగ్గర!" అని కసిరేవాడు. అందరూ ఆయన్ని బండరాయి అంటే మహా పొంగిపోయేవాడు.

అలాంటి మనిషికి పన్ను పుచ్చి బుగ్గ వాచింది. పళ్ళ డాక్టరమ్మ చూసి నోరెళ్ళబెట్టింది.

"ఇంత చీము పట్టేదాకా నొప్పి తెలీలేదా?"

"నొప్పా? అబ్బే!"

ఆవిడ బీపీ చూసి, పన్ను మాట పక్కన పెట్టి, పెద్ద డాక్టరు దగ్గరికి తరిమింది.

"బీపీ ఎక్కువున్న కొందరికి నొప్పి అంతగా తెలియదండీ. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు" అంటూ ఆయన మాత్రలు రాశాడు.

మేస్త్రికి తల తిరిగిపోయింది. అయితే ఇన్నాళ్ళూ తనది ధైర్యం కాదా, జబ్బా? మాత్రలు వేసుకుంటే ఈ చెయ్యి ఏమైపోతుంది? అది కాస్తా పోతే కొట్టులో తన మాట ఎవరు వింటారు? ఆ బెంగతోనే ఉన్నాడు గానీ, భార్య నీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడితే కిక్కురుమనకుండా మింగాడు.

కొన్ని వారాలయ్యాక ఒక ఉదయం ట్రే తాకి "అమ్మో!" అని చెయ్యి లాక్కున్నాడు. పొయ్యి పాడైందేమోనని వంగి చూశాడు. అది ఎప్పటిలాగే ఉంది. ఇంకో ట్రే తాకాడు. అదీ చురుక్కుమంది. ఇది మాత్ర మహిమా? లేక డాక్టరు మాట బుర్రలో దూరి ఆడిస్తోందా? ఏదీ తేలలేదు.

"దిక్కుమాలిన మాత్రలు! రేపట్నుంచి మానేస్తా" అని గొణుక్కున్నాడు.

ఈలోగా కూతురు వచ్చి ఆ ట్రేనే ఉత్త చేతుల్తో ఎత్తి అరలో పెట్టింది.

"నీకు కాలట్లేదా?"

"కాలుతుంది నాన్నా."

"ఇవాళేనా?"

"రోజూ."

"మరి చెప్పవేం?"

"నువ్వు చల్లారిందంటావుగా. నాకే ఓర్పు లేదనుకున్నా."

మేస్త్రి ఆమె చేతులు తిప్పి చూశాడు. వేళ్ళ కొసలు కాలి కాలి నున్నబడిపోయాయి. ఇంతకాలం పక్కనే ఉండి ఎలా చూడలేదో ఆయనకే అర్థం కాలేదు.

మర్నాడు భార్య అడక్కముందే మాత్ర మింగాడు. కొట్టులో మొదటి ట్రే బయటికి తీసి, దాని మీద చెయ్యి పెట్టబోయి ఆగిపోయాడు.

"చల్లారిందో లేదో నువ్వు చెప్పమ్మా" అని కూతురి చేతికి మందపాటి గుడ్డ ఇచ్చాడు.