ఒంటిగంట నుంచి నాలుగు దాకా నిశ్శబ్దం

ఆ అపార్ట్‌మెంటులో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా చీమ చిటుక్కుమనకూడదు. ఈ రూలు పెట్టింది సంఘం సెక్రటరీ, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. పెట్టి ఊరుకుంటే బాగానే ఉండేది. మిక్సీ తిరిగితే వెళ్ళి తలుపు తట్టేవాడు, కుర్చీ ఈడిస్తే ఫోను చేసేవాడు, పసిపిల్ల ఏడిస్తే తల్లి వంక గుడ్లురిమి చూసేవాడు. పిల్లలు ఆయనకి 'ఉష్ తాతయ్య' అని పేరు పెట్టారు. అది చెవిన పడి ఆయన లోలోపల మురిసిపోయాడు కూడా.

రూలు వెనక న్యాయం లేకపోలేదు. ఆయన కింది ఫ్లాటులో ఉండే నర్సమ్మ రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి వస్తుంది. ఆ పిల్లకి కంటినిండా నిద్ర దొరికేది మధ్యాహ్నమే.

చిక్కల్లా ఇప్పుడు ఆయన ఇంట్లోనే వచ్చిపడింది. భార్యకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గానీ మాట పోయింది. ఒకప్పుడు ఆవిడ వంటింట్లో నవ్వితే వీధిలోకి వినిపించేది. "మెల్లగా నవ్వవే, నలుగురూ వింటారు" అని ఆయన కాపురమంతా కసురుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఇల్లు ఆయన కోరుకున్నంత నిశ్శబ్దంగా ఉంది. అందులో ఆయనకి ఊపిరాడటం లేదు.

మాట నేర్పే డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది.

"ఈ మొదటి నెలలే ముఖ్యమండీ. ఇప్పుడు చేజారితే మాట మళ్ళీ రావడం కష్టం. రోజూ 'ఆ' అని గొంతెత్తి అరిపించండి. మొహమాటం పనికిరాదు."

పొద్దుటి పూట కాలి వ్యాయామంతో సరిపోతుంది. సాయంత్రానికి ఆవిడ అలిసి సోలిపోతుంది. ఓపిక ఉండేది మధ్యాహ్నం భోజనమయ్యాకే. అంటే సరిగ్గా ఆయన రూలు వేళకే.

సెక్రటరీ బుర్ర పాదరసంలా పనిచేసింది. కిటికీలు మూశాడు. తలుపు సందులో దుప్పటి కుక్కాడు. నేలమీద బొంత పరిచి, దానిమీద కుర్చీ వేసి భార్యను కూర్చోబెట్టాడు. "ఊఁ, అను" అన్నాడు. ఆవిడ ఉన్న బలమంతా కూడదీసుకుని "ఆ" అనబోతుంటే "మెల్లగా!" అన్నాడు. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. "మెల్లగా అన్నానా!" రోజూ ఇదే వరస. ఆ గొంతు రానురాను గుసగుసలోకి దిగింది. చివరికి ఒకరోజు ఆవిడ పెదవులు కదిపి ఊరుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది.

డాక్టరమ్మ చూసి మొహం చిట్లించింది. "ముందుకంటే తగ్గిపోయిందేంటండీ? అసలు ఇంట్లో అరిపిస్తున్నారా?"

అరిపిస్తున్నానని ఆయన అబద్ధమాడాడు.

ఆ సాయంత్రమే నర్సమ్మ వచ్చి తలుపు తట్టింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. మధ్యాహ్నాలు నిద్ర పట్టడం లేదండీ."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. "తెలుసమ్మా, మీ పిన్నిగారి సాధన. రేపట్నుంచి ఆపించేస్తాను."

"పిన్నిగారా? ఆవిడ గొంతు నాకెప్పుడు వినబడిందండీ? మీరే! 'మెల్లగా, మెల్లగా' అని మీరు పెట్టే కేకలకి ఉలిక్కిపడి లేస్తున్నాను."

నర్సమ్మ అక్కడితో ఆగలేదు.

"మాట రావడానికి చేసేదాన్ని మెల్లగా చెయ్యమంటారా ఎవరైనా? ఆవిణ్ణి అరవనివ్వండి. నేను మంచం ముందుగదిలోకి లాక్కుంటాలెండి. ఆ ఈడ్చిన చప్పుడుకి మాత్రం ఫోను చెయ్యకండి."

మర్నాడు భోజనాలయ్యాక ఆయన కిటికీలన్నీ బార్లా తెరిచాడు. దుప్పటి తీసి మడతపెట్టాడు. "నీ ఇష్టం. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా" అన్నాడు. ఆవిడ ఆయన మొహం వంక చూసి నోరు తెరిచింది, మూసేసింది. ఇన్నేళ్ళ జంకు ఒక్కపూటలో పోతుందా? కాసేపటికి బాగున్న చెయ్యి ఎత్తి వీధి తలుపు చూపించింది. తనని బయటికి పొమ్మంటోందని అర్థం కాగానే ఆయన మనసు చివుక్కుమంది. కానీ కాదనడానికి తనకి మొహం లేదు. లేచి, తలుపు దగ్గరగా వేసి, వరండాలో నిలబడ్డాడు.

ముందు ఏమీ వినబడలేదు. తర్వాత చిన్న కూతలాంటిది. ఆ తర్వాత "ఆ" అని, బొంగురుగా, వంకరగా, మెట్లన్నీ నిండేలా వచ్చింది. ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా.

పై అంతస్తు ప్లీడరు చెప్పులు టపటపలాడించుకుంటూ దిగొచ్చాడు.

"ఏంటండీ సెక్రటరీగారూ ఈ అరుపులు? టైమెంతయిందో చూశారా? ఎవరండీ ఆ అరిచేది?"

ఆయన కళ్ళలో నీళ్ళు తుడుచుకోలేదు.

"మా ఆవిడండీ!" అన్నాడు, లోపలికి వినబడేంత గట్టిగా.