కంపెనీ సంగతి అడుగుతున్న

వనపర్తిలో శ్రీవాణి, నిరంజన్ దంపతులు నడిపే రక్తపరీక్షల ల్యాబు తెల్లవారగానే నిండిపోతుంది. పరగడుపున వచ్చినవాళ్లు బెంచీల మీద నిద్రమొహాలతో కూర్చుని తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుంటారు. నిరంజన్ లోపల మెషిన్ల దగ్గర ఉంటాడు, శ్రీవాణి బయట కౌంటర్లో. గద్వాలలో, నాగర్‌కర్నూలులో కూడా వాళ్లకు రక్తపరీక్షలు చేసే చిన్న గది ఒక్కొక్కటి ఉంది. మూడు చోట్ల రిపోర్టులూ ఒకే కంప్యూటర్‌లోకి చేరతాయి. కంప్యూటర్లు మొరాయిస్తే చూసుకునే పనిని హైదరాబాదులోని ఒక కంపెనీకి అప్పజెప్పారు.

శ్రీవాణికి ఆ కంపెనీ అంటే ఒక గొంతు. నాగర్‌కర్నూలులో ఇంటి దగ్గరే ఉండి పనిచేసే తేజస్విని గొంతు. ఏళ్ల తరబడి మాట్లాడుకుంటున్నా ఇద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. అయినా ఫోన్ ఎత్తగానే "గొంతు అట్లుందేందక్కా, జలుబైందా?" అని అడిగేంత చనువు. శ్రీవాణి తల్లి చనిపోయిన వారంలో ల్యాబు కంప్యూటర్ ఆగిపోతే, "నువ్వేం చెయ్యకక్కా, నేను చూసుకుంట" అని దూరం నుంచే అంతా సరిచేసింది. పని అయిపోయాక కూడా ఫోన్ పెట్టేయకుండా కాసేపు ఊరికే ఉండిపోయింది. ఇంటికొచ్చి పలకరించిన చుట్టాలెవరూ ఇవ్వని ఊరట శ్రీవాణికి ఆ కాసేపట్లో దొరికింది.

అందుకే ప్రతి నెలా కంపెనీ నుంచి 'మా సేవ ఎలా ఉంది?' అని మెసేజి వస్తే శ్రీవాణి ఏమీ ఆలోచించకుండా ఐదు స్టార్లూ నొక్కేది. ఈ వానాకాలం నుంచి కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతున్నా, తేజస్విని ఒక్కోసారి పూటంతా ఫోన్ ఎత్తకపోయినా, స్టార్లు మాత్రం తగ్గలేదు.

ఒక సోమవారం పొద్దున అది పూర్తిగా ఆగిపోయింది.

ఆ రోజు బెంచీ చివర యోసేపు అనే మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. అతని ఊరు శ్రీరంగాపూర్ దగ్గరి పల్లె. భార్య వెంకటమ్మ గద్వాలలో పుట్టింటికి పోయినప్పుడు జ్వరం పట్టుకుంది. అక్కడ వీళ్ల గదిలోనే రక్తపరీక్ష చేయించారు. జ్వరం తగ్గకపోయేసరికి వనపర్తికి తెచ్చి రెండు వీధుల అవతల ఉన్న దవాఖానలో చేర్చారు. పొద్దున తీసిన రక్తాన్ని పరీక్షించి, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో నిరంజన్ మెషిన్ తెర మీద చూసి చేత్తో రాసి డాక్టరుకు పంపించాడు.

డాక్టరు వెంటనే ఫోన్ చేశాడు. "తక్కువే ఉన్నయి. పెరుగుతున్నయా, పడిపోతున్నయా? గద్వాల రిపోర్టుల ఎన్ని ఉండె?"

గద్వాల కాగితం బస్సులో ఎక్కడో జారిపోయింది. ఆ రిపోర్టు కంప్యూటర్‌లో ఉంది. కంప్యూటర్ తెరుచుకోవడం లేదు. శ్రీవాణి తేజస్వినికి మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది, ఎత్తలేదు. కంపెనీ నంబరుకు చేస్తే, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక రికార్డు గొంతు చెప్పి పాట పెట్టింది.

"అట్లయితే మధ్యాహ్నం మల్ల రక్తం తియ్యాల్సిందే," అన్నాడు డాక్టరు.

నిరంజన్ ఆ మాట చెప్తే యోసేపు కేకలు వేయలేదు. టవల్ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆమెకు సూదంటే భయం సారు. పొద్దుగాల నా చెయ్యి గట్టిగ పట్టుకొని కండ్లు మూసుకున్నది. అయిపోయింది, ఇంక గుచ్చరు అని చెప్పిన. ఇప్పుడేమని చెప్పాలె?"

నిరంజన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నేనే వస్త. సన్న సూదితోని తీస్త. నువ్వు పక్కన్నే ఉండు."

అన్నట్టే వెళ్లి తీశాడు. అతను తిరిగొచ్చేసరికి తేజస్విని ఫోన్ వచ్చింది. గొంతు బాగా నీరసంగా ఉంది. "తప్పైందక్కా, ఇప్పుడే చూస్తున్న," అంది. చూస్తుండగానే కంప్యూటర్ తెరుచుకుంది. గద్వాల నాటికంటే పొద్దున లెక్క కొంచెం పెరిగి ఉంది, మధ్యాహ్నానికి ఇంకొంచెం పెరిగింది. వెంకటమ్మకు గండం తప్పింది. ఆ రెండో సూది మాత్రం అనవసరంగా గుచ్చినట్టయింది.

సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక నిరంజన్ చేతులు కడుక్కుంటూ అన్నాడు. "కర్నూలోళ్ల కంపెనీ ఒకటుంది. మాట్లాడి మారుద్దాం."

"తేజు మంచి పిల్ల," అంది శ్రీవాణి.

"పిల్ల మంచిదే. నేను కంపెనీ సంగతి అడుగుతున్న."

కంపెనీ మారుస్తున్నామని తేజస్వినికి ఫోన్‌లో చెప్పడానికి శ్రీవాణికి నోరు రాలేదు. నాగర్‌కర్నూలు గదికి ఎటూ పోవాల్సిన పని ఉంది కాబట్టి, మర్నాడు బిజినేపల్లి మీదుగా బస్సెక్కింది. అడ్రసు అడుక్కుంటూ తేజస్విని ఇంటికి వెళ్లింది.

తలుపు తీసింది తేజస్విని తల్లి జములమ్మ. శ్రీవాణి పేరు చెప్పగానే, "వనపర్తి అక్కవా? దినాం నీ ముచ్చటనే," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

లోపల తేజస్విని మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. కడుపు ఎత్తుగా ఉంది. దిండు పక్కన ల్యాప్‌టాప్, దాని మీద ఫోన్. శ్రీవాణిని చూసి లేవబోయింది.

"లేవకు," అంది శ్రీవాణి. ఆ ఒక్క మాటకే తేజస్విని గుర్తుపట్టేసింది.

"మంచం దిగొద్దన్నది డాక్టరమ్మ," అంది జములమ్మ. "ఈమె ఫోన్ మాత్రం పక్కకు పెట్టది."

తేజస్విని చెప్పింది. "సోమవారం పొద్దుగాల రక్తం కనబడ్డదక్కా. దవాఖానకు ఉరికినం. లోపల స్కానింగు చేస్తుంటే బయట అమ్మ చేతుల ఫోను మోగుతనే ఉన్నదంట."

శ్రీవాణి మంచం అంచున కూర్చుంది. అన్నిసార్లూ చేసింది తనే. "పాణం ఎట్లుంది ఇప్పుడు? బిడ్డ?"

"బాగనే ఉన్నరు ఇద్దరం."

"మరి మీ కంపెనీల ఇంకెవ్వరు లేరా తేజూ?"

"పేరుకున్నరు. మీ కంప్యూటర్ల సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఇంకొకలకు నేర్పిస్త, నాకు సెలవియ్యుమని మా అరవింద్ సారుకు రెండుసార్లు చెప్పిన. వనపర్తోళ్లు నెలనెలా ఐదు స్టార్లు ఇస్తున్నరు కదా, అంత తొందరేముంది అన్నడు."

శ్రీవాణి తలవంచుకుంది. "నీకోసమనే ఇచ్చిన. తక్కువిస్తే నీ ఉద్యోగానికి ఏమన్న అయితదేమోనని."

"నాకు తెలుసక్కా. నేను గూడ మీకోసమనే ఊకున్న. కంపెనీల దిక్కులేదని చెప్తే మీరు పరేషాన్ అయితరని."

జములమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. శ్రీవాణి రొట్టె తుంచి ముందు తేజస్వినికి ఇచ్చింది. తర్వాత వచ్చిన పని చెప్పేసింది. "నిరంజన్ కంపెనీ మారుద్దామంటున్నడు. మారిస్తే నీకేమైతదో అని వచ్చిన."

తేజస్విని రొట్టె నములుతూ ఆలోచించింది. "మారితే మారుండ్రి. నేను ఏమనుకోను. కానీ మారినా మారకున్నా అడిగి చూడక్కా. నేను లేని రోజు ఫోన్ ఎత్తేదెవరు? కంప్యూటర్ కాలిపోతే పాత రిపోర్టులు తెచ్చియ్యగలరా? వాటి నకలు వేరేచోట దాచాలె, అది నా పని కాదు, హైదరాబాదోళ్లది. దాస్తున్నరో లేదో నాకైతే నమ్మకం లేదు. అడగకుంట మారిస్తే అక్కడ గూడ నాలెక్క ఒక పిల్ల దొరుకుతది. మల్ల ఇదే కథ."

తిరుగు బస్సులో శ్రీవాణి దారి పొడుగునా ఆ మాటలే నెమరేసుకుంది. వనపర్తి చేరగానే అరవింద్‌కు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి పొమ్మంది. ఎందుకని అడిగితే, "మీరు లేకుంట మాకు నడుస్తదా అని చూసుకోవాలె," అంది.

అరవింద్ వారం తిరక్కుండా వచ్చాడు. మర్యాదస్తుడు, ముప్పై దాటి ఉండవు. నిరంజన్ అతనికి టీ ఇచ్చి, "ఈ కంప్యూటర్ కాలిపోయిందనుకోండ్రి. వెంకటమ్మ అనే ఆమె గద్వాల రిపోర్టు నాకు తెచ్చి చూపియ్యుండ్రి," అన్నాడు.

అరవింద్ నవ్వి తన ల్యాప్‌టాప్ తెరిచాడు. కొంతసేపటికి నవ్వు పోయింది. ఫోన్ తీసుకుని నంబరు నొక్కబోతుంటే శ్రీవాణి అడిగింది.

"తేజుకా?"

"అవును మేడం, ఒక్క నిమిషం."

"ఆమెకు చెయ్యకుండ్రి. ఆమె మంచం మీద ఉన్నది."

అతను ఫోన్ కింద పెట్టాడు. హైదరాబాదులో ఇంకెవరికో చేశాడు, వాళ్లు మరొకరిని అడిగారు. మధ్యాహ్న భోజనం వేళకు తేలింది. నకలు దాచే పని వానాకాలం మొదట్లో ఎప్పుడో ఆగిపోయింది, ఆ తర్వాత అసలు నడవనే లేదు. ఎవరూ చూడలేదు.

"మీరెప్పుడు కంప్లెయింట్ చెయ్యలేదు మేడం. బాగుందనే అనుకున్నం," అన్నాడు అరవింద్, చిన్న గొంతుతో.

"తేజు బాగుంది. మీరు బాగ లేరు. రెండు ఒకటే అనుకొని మేము గూడ పొరపాటు పడినం," అంది శ్రీవాణి. గొంతులో కోపం లేదు. "ఆమెకు ఇయ్యాల్నుంచే సెలవియ్యుండ్రి. మా పని ఇద్దరికి నేర్పియ్యుండ్రి. నెలకోసారి మా కండ్లముందర పాత రిపోర్టు ఒకటి తీసి చూపియ్యుండ్రి. దీపావళి దాక చూస్తం. కాకుంటే మా దారి మాది."

అరవింద్ వాదించలేదు. ఆ సాయంత్రం వెళ్లకుండా దగ్గరలోని కొత్తకోటలో గది తీసుకుని ఉండి, మర్నాడు మళ్లీ వచ్చి నకలు దాచే పని నడిచేదాకా తనే కూర్చున్నాడు. తేజస్వినికి సెలవు అదే రోజు మంజూరైంది.

తర్వాత ఫోన్ ఎత్తడానికి సతీష్ అనే అతను వచ్చాడు, అతను లేనప్పుడు ఇంకొకరు. మొదటి నెల సతీష్ ప్రతిదానికీ "ఒక్క నిమిషం మేడం" అనేవాడు, ఆ నిమిషం ఎంతకీ అయ్యేది కాదు. శ్రీవాణి ఆ నెల మూడు స్టార్లే ఇచ్చి, ఎందుకో రాసింది. రాసినందుకు అరవింద్ ఫోన్ చేసి వివరం అడిగాడు. రెండో నెలకు పని కుదుటపడింది. దీపావళికి కంపెనీ మార్చాల్సిన అవసరం రాలేదని నిరంజనే ఒప్పుకున్నాడు. సతీష్ ఎప్పుడూ జలుబు గురించి అడగడు. అడగకపోయినా ఫోన్ మాత్రం ఎత్తుతాడు.

కార్తీకంలో ఒక పొద్దున, రద్దీ కాస్త తగ్గాక, శ్రీవాణి ఫోన్ మోగింది. తేజస్విని. వెనక పసిబిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తోంది.

"ఏమైంది తేజూ, అంత మంచిదేనా?"

"ఏం లేదక్కా. ఊకెనే చేసిన."

ఇద్దరూ బిడ్డ ముక్కు గురించి, జములమ్మ కాచే మిరియాల కషాయం గురించి మాట్లాడుకున్నారు. అంతలో లోపలి నుంచి నిరంజన్, "గద్వాల రిపోర్టు వస్తలేదు, జర చూడు," అని కేకేశాడు. అది తేజస్వినికి కూడా వినపడింది.

"నేను చూడాల్నా అక్కా?"

"వద్దు. సతీష్ చూస్తడు," అంది శ్రీవాణి. "నువ్వు బిడ్డకు పాలియ్యి. అప్పటిసంది ఏడుస్తున్నది."