దేవకమ్మ మొహంలో కళ

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఆరుగురు మనుషులు, పన్నెండు మోకాళ్లు. దేవకమ్మ ఆ ఇంటికి పెద్ద. ఆమె మోకాళ్లు ఆరేళ్లుగా అరిగి, రెండు నెలలుగా ఊరంతా పేరు మోసినవి. ఆమె కొడుకు రాఘవ మోకాళ్లు బాగానే ఉన్నాయి. మేకల వెనక నడవడానికి తప్ప అన్నింటికీ పనికొస్తాయి. కోడలు సరళను ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. ఎదురింటి రోశమ్మకు ఎడమది వాచింది, కుడిది వాచబోతోంది. ఉదయగిరి నుంచి మోటారుసైకిల్ మీద వచ్చిన జనార్దనయ్య దేవకమ్మకు వరసకు తమ్ముడు. మోకాళ్ల నొప్పులకు పొడి తెచ్చే మనిషి కాబట్టి ఆయన మోకాళ్లను అనుమానించడం మర్యాద కాదు. ఆరో మనిషి రాఘవ కూతురు రమణి, పదో తరగతి చదువుతోంది. మోకాళ్లకు ఏ జబ్బూ లేదు. నలుగురిలో ఆమెకు పట్టేసేది నోరు.

ఆ నోటితోనే ఆ రోజు ఒక మాట చెప్పాలి. మాట చిన్నదే, ఆ పొడి అవ్వకు మంచిది కాదని.

నిరుడు ఉదయగిరి ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో డాక్టరమ్మ దేవకమ్మను చూసి, ఇది కీళ్ల అరుగుదల, మళ్లీ కొత్తగా మొలవదు గాని నొప్పిని అదుపులో పెట్టుకోవచ్చు అని చెప్పింది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టమంది. గోరువెచ్చటి నువ్వులనూనెతో మెత్తగా మర్దన చేయమంది. వెల్లకిలా పడుకుని, ఒక్కో కాలూ నిటారుగా లేపి, పది లెక్కపెట్టి దించమంది. నేల మీద గొంతుక్కూర్చోవద్దంది, ఒళ్లు కాస్త తగ్గమంది.

"కాలు లేపగలిగితే నీ దాకా ఎందుకొస్తానమ్మా" అన్నది దేవకమ్మ.

అయినా మూడు నెలలు చేసింది. నొప్పి పావు వంతు తగ్గింది. ఆ పావు వంతుకు ఊళ్లో ఏ గౌరవమూ దక్కలేదు. వావిలాకు వాగు గట్టున ఊరికే దొరుకుతుంది, డాక్టరమ్మ డబ్బులు తీసుకోదు, చేయాల్సింది మాత్రం రోజూ మనమే చేయాలి. ఇన్ని లోపాలున్న వైద్యాన్ని ఎవరు నమ్ముతారు?

జనార్దనయ్య తెచ్చిన పొడికి ఆ లోపాలేవీ లేవు. ఆత్మకూరులో ఒక స్వామి ఇస్తాడట. ఆ స్వామికి బోర్డు లేదు, పొట్లానికి పేరు లేదు. నూట ఎనిమిది మూలికలట, పేర్లు బయటికి చెబితే గుణం పోతుందట. దేవకమ్మ తిన్న మూడో రోజుకే కర్ర పక్కన పడేసింది. వారం తిరిగేసరికి మేకలు తోలుకుని వాగు దాటింది.

రెండు నెలల్లో ఆమె మొహం గుండ్రంగా తిరిగింది. బుగ్గలు పొంగి కళ్లు చిన్నవయ్యాయి. ఊరు మురిసిపోయింది. ఒళ్లు చేసిందన్నారు, కళ వచ్చిందన్నారు. అత్తకు సరిగ్గా తిండి పెట్టదని పదిహేనేళ్లుగా పేరు పడ్డ సరళకు ఒక్కసారిగా మంచిపేరు వచ్చింది. ఆమె దాన్ని కాదనలేదు. మేకల పని తప్పిందని రాఘవ సంతోషం. చేతులు ఎక్కడ తగిలినా చర్మం నల్లగా కమిలిపోతోంటే, చెడు రక్తం బయటికొస్తోందని జనార్దనయ్య సంతోషం. మొన్న రెండు రోజులు పొడి అందక దేవకమ్మ వాంతులు చేసుకుని తల ఎత్తలేకపోతే, ఆయన సంతోషానికి మేరే లేదు.

"చూసినావా రాఘవా, మందులో ఎంత బలముండాదో. లేకపోతే మనిషే లేవలేదు" అన్నాడు.

ఆ బలం ఊరూరా తెలియాలని దేవకమ్మ ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టి, 'ముందు', 'తర్వాత' అని, కింద మూలికల పొడి గొప్ప రాసి వాట్సాప్‌లో పంపించాడు. శనివారం పుస్తకాల కోసం ఉదయగిరి వెళ్లిన రమణిని, నిరుడు అవ్వ వెంట ఆసుపత్రికి వచ్చిన పిల్లేనని డాక్టరమ్మ గుర్తుపట్టి, మీ అవ్వ రావడం లేదేమని అడిగింది. రమణికి నోరు రాక, వెంట తెచ్చుకున్న నాయన ఫోనులో ఆ ఫోటో తీసి చూపించింది. డాక్టరమ్మ 'ముందు' వైపు చూడనే లేదు.

"ఆకులూ వేర్లూ తింటే మొహం ఇట్ల కాదు పాపా. ఇది కళ కాదు, వాపు. ఆ పొడిలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపినారేమో, ఎముకలు గుల్లబారతాయి. పరీక్ష చేయిస్తే గాని తేలదు. ఒక పొట్లం తీసుకుని, అవ్వను ఎంటబెట్టుకుని రా. అంతదాకా మీరంతట మీరు ఉన్నట్టుండి ఆపబాకండి, వాంతులై మనిషి పడిపోతాది, అది ఇంకా ప్రమాదం. మెల్లగా తగ్గించాల" అని చెప్పి పంపింది.

ఆ నాలుగు మాటల్నీ రమణి బస్సులో ఊరొచ్చేదాకా వల్లె వేసుకుంది. రాత్రంతా మళ్లీ సర్దుకుంది. ఇప్పుడు వాకిలి గుమ్మం దగ్గర నిలబడింది.

జనార్దనయ్య కుర్చీలో కాళ్లు చాచి కూర్చున్నాడు. ఆయన వంటి నుంచి నొప్పుల బామ్ వాసన గుప్పుమంటోంది.

"నువ్వు తినవా అన్నా ఈ పొడి?" అన్నది రోశమ్మ.

"నాది వేడి శరీరం, పడదు" అని ఆయన పొట్లాలు బయటికి తీశాడు. "అక్కా, ఒకసారి కూర్చుని లెయ్యి, రోశమ్మ చూస్తాది."

దేవకమ్మ గోడ పట్టకుండా కూర్చుంది, లేచింది. రోశమ్మ కళ్లు పెద్దవయ్యాయి. పొట్లం కోసం చెయ్యి చాపింది.

"తాతా" అన్నది రమణి.

అందరూ ఆమె వైపు తిరిగారు. సర్దుకున్న నాలుగు మాటల్లో మూడు అక్కడే పోయాయి.

"ఒక పొట్లం ఇస్తే... డాక్టరమ్మ పరీక్ష చేయించాలంట. ఇంగ్లీషు మందు కలిసుంటాదంట."

జనార్దనయ్య నవ్వాడు.

"ఈ పిల్లకు మాటలొచ్చినాయే. ఇది కూడా మా పొడి మహిమే రాఘవా."

రోశమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన నవ్వు కూడా ఆగింది.

"ఆయమ్మదీ ఆయుర్వేదమే, మాదీ ఆయుర్వేదమే. గిరాకీ మనకుంటే ఆయమ్మకు కడుపుమంట" అన్నాడు. "పొట్లం పరాయి చేతికి పోతే గుణం పోతాది. ఇయ్యను."

"నీకెందుకమ్మే ఇయన్నీ, పోయి మేకలకు నీళ్లు పెట్టు" అన్నాడు రాఘవ.

"అవ్వ మొహం చూడు నాయనా. అది కళ కాదంట, వాపంట."

"వాపేంది" అన్నది సరళ వెంటనే. "నేను రాగిముద్ద పెట్టలేదా? పాలు పొయ్యలేదా? పదిహేనేళ్లకు ఒక మంచిమాట వస్తే, దాన్ని కూడా వాపంటావా?"

దేవకమ్మ తన పొట్లాలు కొంగులో వేసుకుని లోపలి గదిలోకి పోయింది. రమణి వెనకే వెళ్లి గడప దగ్గర ఆగింది. అవ్వ నేల మీద కూర్చుని పొట్లాలను రేకుపెట్టెలో పేర్చుకుంటోంది.

"అవ్వా, మొన్న వాంతులు దానివల్లేనంట. ఒక్కటి నాకియ్యి. రేపు ఇద్దరం పోయి చూపిచ్చుకుని వద్దాం. ఉన్నట్టుండి మానొద్దంది, మెల్లగానంట."

"ఎవురు మానతా ఉండారు?" అన్నది దేవకమ్మ.

"ఎముకలు గుల్లబారతాయంట అవ్వా."

"బారనీ. రెండేళ్లు మీయమ్మ నన్ను చెయ్యి పట్టుకుని దొడ్డికి తీసకపోయింది. ఒక్కోసారి ఆయమ్మకు తీరిక లేకపోతే ఎట్లుండేదో నీకు తెలుసునా? ఇప్పుడు నేనే పోతా ఉండా, నేనే వస్తా ఉండా. మొహం వాస్తే వాయనీ. దాన్ని నేను చూస్తానా, మేకలు చూస్తాయా?"

రమణి గడప మీదికి ఒక అడుగు వేసింది. ఇప్పుడు చెప్పేది డాక్టరమ్మ చెప్పి పంపిన మాట కాదు.

"అవ్వా, నువ్వు చచ్చిపోతావేమోనని భయంగా ఉండాది" అన్నది చివరికి. మాట మొత్తం బయటికొచ్చింది.

దేవకమ్మ చేతులు పెట్టె మీద ఆగాయి. మనవరాలి వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఒక పొట్లం తీసి పిడికిట్లో పట్టుకుని లేచింది. నాలుగు అడుగులు, ఎక్కడా కుంటు లేదు. రమణి చెయ్యి చాపింది.

దేవకమ్మ ఆ చేతిని మెల్లగా గడప అవతలికి నెట్టి తలుపు వేసేసింది. లోపల గొళ్లెం పడింది. ఆ తర్వాత చెంబులో నీళ్లు వంచుకున్న చప్పుడు వినబడింది.