చుక్కికి పోసిన సున్నపు తేట

మహబూబ్‌నగర్ ధాన్యం బజారు వెనక వాడలో అండాలమ్మను ఎరగని తల్లి లేదు. ఆమె భర్త దశరథం జొన్నలు, ఆముదాలు కొని అమ్మే చిన్న వ్యాపారి. అతని కొట్టు పేరు ఎవరికీ గుర్తుండదు గాని అండాలమ్మ ఇల్లు ఎక్కడంటే చిన్న పిల్లలు కూడా చూపిస్తారు. చంటిబిడ్డ పాలు కక్కినా, పళ్లు ఆలస్యంగా వచ్చినా ఆడవాళ్లు గిన్నె పట్టుకొని ఆమె గడపకే వచ్చేవారు. ఆమె ముంతలో తడి సున్నం వేసి, నీళ్లు పోసి, కదపకుండా ఉంచి, పైన తేరుకున్న తేటను పలుచని బట్టతో వడగట్టి ఇచ్చేది. పాలల్లో చెంచాడు కలిపి పట్టించమనేది. "బొక్కలు రాయిలెక్క అయితయి బిడ్డా" అని, ఎముకలు గట్టిపడతాయని చెప్పేది. ముప్పై ఏళ్లుగా ఆ వాడ పిల్లలు ఆ తేట తాగే పెరిగారు కనుక ఆమె మాటకు తిరుగు లేదు.

ఆ ఇంట్లో ఒక పిల్లి ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉన్నందున చుక్కి అని పిలిచేవారు. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన ఏడాది జొన్న బస్తాల సందున పుట్టింది. పద్నాలుగేళ్లు ఆ కొట్టుకు ఎలుకల బెడద లేకుండా చూసింది. పనంతా తనదే అన్నట్టు రోజూ పొద్దున బస్తాల మీద కూర్చొని దశరథం వంక చూసేది. అతను కూడా ముందు దాన్ని "ఏం చుక్కి, అంత మంచిదేనా?" అని పలకరించి తర్వాతే త్రాసు చేతికి తీసుకునేవాడు.

1962 ఎండాకాలం నాటికి చుక్కి బస్తా మీదికి ఎగరలేకపోయింది. వెంట్రుకలు గరుకెక్కాయి. ముసలితనమని అందరూ అన్నారు. అండాలమ్మ మాత్రం ఊరుకోలేదు. ఊరి పిల్లలందరినీ లేపి నిలబెట్టిన చెయ్యి, ఇంట్లో పిల్లిని లేపలేదా? పొద్దున పాలల్లో తేట కలిపి పోసింది. కోడిగుడ్డు పెంకులు వేయించి, దంచి, బువ్వలో కలిపింది. ఇంతలో మరొకటి తోడైంది. మనుమరాలికి పట్టమని సర్కారు దవాఖాన నర్సు లీలమ్మ నెలనెలా ఒక చేపనూనె సీసా ఇచ్చేది. పిల్ల దాన్ని నోట్లో పోయగానే ఉమ్మేసేది. చుక్కి మాత్రం ఆ వాసనకు ఎక్కడున్నా వచ్చి చెంచా నాకేది. బువ్వ ముట్టని జీవం చెంచా నాకుతుంటే అండాలమ్మ మనసు నిండిపోయింది. రోజూ రెండు చెంచాలు పోసింది.

నాలుగు నెలలు గడిచాయి. చుక్కి మరీ చిక్కిపోయింది. గోలెంలో నీళ్లు, బట్టలు తడిపిన నీళ్లు, ఏవి కనిపిస్తే అవి తాగేది. తాగినదంతా ఇల్లంతా పోసేది. మలం గట్టిపడి మూలన కూర్చొని మూలిగేది. సత్తువ ఇంకా చాలలేదనుకొని అండాలమ్మ తేట రెండింతలు చేసింది. ప్రేమ ఉన్నచోట మనిషికి కొలత గుర్తుండదు. అదే ఆమెకు జరిగింది.

"ఏంది వదినా ఈ కంపు. సంచిల ఏసి వాగు అవతల ఇడిసి రారాదు?" అంది పక్కింటి నర్సింగమ్మ.

దశరథం ఆ మాట విన్నాడు. "పద్నాలుగేండ్లు నా బస్తలు కాసింది. దాన్ని సంచిల ఏసి పారేస్తనా?" అన్నాడు. అని, మరునాడు పొద్దున్నే చుక్కిని బుట్టలో పెట్టుకొని పశువుల దవాఖానకు బయలుదేరాడు. అండాలమ్మ ఇష్టం లేకుండానే వెంట నడిచింది.

అక్కడ చెట్ల కింద కాడెద్దులు, బర్రెలు వరుసగా కట్టేసి ఉన్నాయి. బుట్టలోంచి పిల్లి తల బయటికి రాగానే రైతులు నవ్వారు. "ఏం సేటు, దీన్ని గుంటుకకు కడుతున్నవా?" అన్నాడు ఒకాయన. దశరథం కూడా నవ్వాడు గాని బుట్టను గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టర్ రఘుపతి నవ్వలేదు. బుట్టను బల్ల మీద పెట్టించి చుక్కిని నిదానంగా తడిమి చూశాడు. "ఏం పెడుతున్నరమ్మా దీనికి?" అని అడిగాడు.

"అందరు పెట్టేదే సాబ్. పాలు, బువ్వ."

"మందులేమన్న పోసినవా?"

"ఏం పోయలే."

అండాలమ్మ అబద్ధాల మనిషి కాదు. కాని సర్కారు నూనె పిల్లికి పోసిందని లీలమ్మకు తెలిస్తే ఏమంటుంది? అంతకన్నా, వాడలోని బిడ్డలందరికీ మందు చెప్పే తాను, తన మందుకు ఇంట్లో పిల్లే లేవలేదని పదిమందిలో ఎట్లా చెప్పుకుంటుంది? చదువరులారా, డాక్టరు ముందు కూర్చొని ఇంటి సంగతి మింగేసిన వాళ్లం మనలోనూ ఉన్నాం. ఆమెను చూసి నవ్వే హక్కు మనకు లేదు.

"ముసలి పాణం, కాళ్లల్ల బలం లేదు. ఈనిన బర్రెలు పడిపోతే ఇచ్చే కాల్షియం సూది ఉంది. అది సున్నం జాతి మందు. కొంచెం ఇచ్చి చూస్త" అన్నాడు డాక్టరు. కాంపౌండరు నర్సింహ సూదిలోకి మందు ఎక్కించాడు. డాక్టరు దాన్ని అందుకొని కూడా ఆగాడు. "ఇన్ని నీళ్లెందుకు తాగుతుందో నాకు సమజైతలేదు. ఒంట్లె ఇదివరకే సున్నం ఎక్కువుంటే ఈ సూదికి గుండె ఆగిపోతది. మల్లొకపారి అడుగుతున్ననమ్మా. నిజంగ ఏం పోయలేదా?"

చుక్కి తల వాల్చి అండాలమ్మ అరచేతిలో పెట్టింది. ఆ చెయ్యి ఏం పోస్తే అది తాగిన జీవం అది. అండాలమ్మకు దుఃఖం ఆగలేదు.

"ఆగు సాబ్! సూది ఎయ్యకు. నేనే పోసిన. సున్నపు తేట పోసిన. గుడ్డు పెంకులు పెట్టిన. చేపనూనె రోజు రెండు చెంచలు పోసిన. బతుకుతదని పోసిన సాబ్" అని ఏడ్చింది. బయట చెట్ల కింద నవ్వులు ఆగిపోయాయి.

డాక్టరు సూదిని పక్కన పెట్టేశాడు. తిట్టలేదు. చుక్కి రేకు పళ్లెంలో పోసిన మూత్రాన్ని గాజు గొట్టంలోకి తీసుకొని, అందులో ఒక మందు కలిపి, అండాలమ్మకు చూపించాడు. నీళ్లలాంటిది కాస్తా నిమిషంలో పాలలాగా తెల్లబడింది.

"చూసినవా? ఇదంత సున్నమే. చేపనూనె తిన్నదాంట్ల సున్నాన్నంత నెత్తుర్లకు గుంజుతది. దాని మీద నువ్వు తేట పోసినవ్, పెంకులు పెట్టినవ్. మూత్రపిండాలు దాన్ని బయటికి తోసి తోసి అలిసిపోయినయ్. అందుకే ఆ నీళ్ల దూప, అందుకే కడుపు గట్టిపడ్డది. బర్రె సున్నం తక్కువై పడ్తది. నీ పిల్లి ఎక్కువై పడ్డది."

"నేనన్న అడగాలె గద సాబ్. రోజు చూస్తనే ఉంటి" అన్నాడు దశరథం తల వంచుకొని.

ఆనాడు చుక్కి చర్మం కింద ఉప్పునీళ్లు ఎక్కించారు. తేట, పెంకులు, నూనె బందు చేయమన్నారు. పాలు కూడా వద్దన్నారు. ఎముకలు తీసిన మాంసం, చేప ఉడికించి, ఉడికిన నీళ్లతోనే పెట్టమన్నారు. ఎక్కడ తిరిగితే అక్కడ మంచినీళ్లు అందేలా చూసి, నెలకొకసారి తీసుకురమ్మన్నారు.

అండాలమ్మ ఇంట్లో ఆరుచోట్ల నీళ్ల గిన్నెలు వెలిశాయి. రెండు బస్తాల సందున ఒకటి, కొట్టు గడప దగ్గర ఒకటి, పొయ్యి పక్కన ఒకటి. దశరథం చీకట్లో వాటిని తన్నుకొని గొణుగుతూ మళ్లీ తనే నింపేవాడు. అండాలమ్మ చెరువు చేపల ముళ్లు ఒక్కొక్కటే తీస్తూ గంటసేపు కూర్చునేది. పదిరోజులకు చుక్కి తిండి గిన్నె నాకింది. ఆనాడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఏడ్చింది.

నెల తర్వాత గొట్టంలో తెలుపు పలచబడింది. మూడో నెలకూ పోలేదు.

"అన్ని బందు చేసిన గద సాబ్. ఇంకెందుకు పోతలేదు?"

"కొన్ని పోవమ్మా. మూత్రపిండాలు సగం చెడ్డయి, వయసు మీదపడ్డది. ఇగ ఈ జబ్బు దాంతోనే ఉంటది. నువ్వు రోజు చూసుకుంటె అది రోజు నిమ్మలంగ ఉంటది. ఎన్నొద్దులని నన్నడగకు."

"మందేం లేదా?"

"నువ్వు చేస్తున్నదే మందు."

ఆ మాట ఆమెకు ముందు ఓదార్పులా వినిపించింది. ఇంటికి చేరేసరికి బరువైంది. తను తెలియక పోసినది నాలుగు నెలలు. దాన్ని మోయవలసింది చుక్కి ఉన్నన్నాళ్లు. పిల్లి నోరు లేనిది, పైగా తన సొంతం. మరి వాడలో గిన్నెలు పట్టుకొని వచ్చినవాళ్ల సంగతి?

మరునాడు పసిపిల్లలకు పాలపొడి, చేపనూనె పంచే రోజు. అండాలమ్మ సర్కారు దవాఖానకు తానే వెళ్లి, లీలమ్మ ముందు నిలబడి, సీసాలు ఏమయ్యాయో చెప్పింది. వరుసలో కూర్చున్న తల్లులంతా విన్నారు. కొందరు ముఖాలు చూసుకున్నారు. ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. లీలమ్మ మాత్రం కుర్చీలోంచి లేచి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

చంటిబిడ్డనెత్తుకున్న పర్వతాలు అనే, వాడలో ఒకరింటి కోడలు పిల్ల భయంగా ముందుకు వచ్చింది. "అత్తమ్మా, మా బిడ్డకు నూనె పడుతున్న, నీ తేట గూడ పోస్తున్న. ఇప్పుడు బందు చెయ్యాల్నా?"

ముప్పై ఏళ్లలో ఆ వాడలో ఏ తల్లి అడిగినా అండాలమ్మ తడుముకోలేదు. ఈసారి బిడ్డ చేతిని పట్టుకుంది.

"నాకు తెల్వదు బిడ్డా" అంది. "ఈ మాట ముందే అని ఉంటె నా చుక్కికి ఈ తిప్పలుండకపోతుండె. ఇగో, లీలమ్మ ఉంది. ఏమేం పోస్తున్నవో, ఎంతెంత పోస్తున్నవో అంత చెప్పు, ఒక్కటి గూడ దాయకు. మన పాణమసుంటోళ్లకు మందు పోసేటప్పుడు, తెల్వకుంటె తెల్వదని అడుగుడే అసలు ప్రేమ."