అడవుకు మూడు సాక్ష్యాలు

నిఘంటువు ఆఫీసులో అందరూ చీటీల మాస్టారనే పెద్దాయన ముందు ఆయన మేనకోడలు మూడు పుస్తకాలు తెరిచి పెట్టింది. కొత్త ముద్రణకు ప్రూఫులు దిద్దేది ఆమే. సాయంత్రంలోగా 'అ' అక్షరం ప్రెస్సుకు వెళ్లాలి.

"'అడవు' దగ్గర ఆగిపోయాను మావయ్యా. మూలం 'అడుగు' అని వేశావు. ఈ మూడూ అదే అంటున్నాయి."

"మూడు సాక్ష్యాలుంటే ఇంకేం కావాలే?"

"ముగ్గురూ మన పాత ముద్రణ చూసే రాశారు. మరి మనం ఎవర్ని చూసి రాశాం?"

మాస్టారు సొరుగులోంచి ఆ మాటకు తను రాసుకున్న పాత చీటీ తీశాడు.

నాట్యంలో కాళ్లూ చేతులూ కలిపి నేర్పే తొలి కదలిక అడవు. ఆ మాట తెలుగు 'అడుగు' నుంచి వచ్చిందని కొందరు, కాదు తమిళంలోనే పుట్టిందని కొందరు ఏనాటి నుంచో కుస్తీ పడుతున్నారు. ముప్పయ్యేళ్ల కిందట మాస్టారు ఒక్క దెబ్బతో తేల్చేశాడు. చదివి కాదు. నాట్యం నేర్పే అక్క "మన అడుగేరా, రాసుకో" అంది, రాసుకున్నాడు. సాక్ష్యం గడిలో 'పెద్దల మాట' అని వేసి ఊరుకున్నాడు. ఆధారమేదని అందరి పీక మీదా కూర్చునే మనిషి, అక్క దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు.

"అమ్మ మాటే కదా?" అంది మేనకోడలు మెల్లగా.

అక్క పోయి పదేళ్లు. ఇన్ని వేల పేజీల్లో ఆవిడది ఆ ఒక్క ముక్కే. అది కొట్టేస్తే ఆవిడను రెండోసారి సాగనంపినట్టే. మాస్టారికి ఏడుపొచ్చింది. కళ్లజోడు తుడుచుకుని, ఎర్ర కలంతో 'అడుగు' కొట్టేసి, 'మూలం వివాదగ్రస్తం' అని రాశాడు.

మేనకోడలు ప్రూఫు తీసుకోలేదు.

"కింద వాడుక ఉదాహరణ ఖాళీగా ఉంది మావయ్యా. మూలానికైతే పుస్తకం చూపించాలి, వాడుకకి ఎవరో ఒకరి నోట ఆ మాట వస్తే చాలని రూలు పెట్టింది నువ్వే."

మాస్టారు తలెత్తాడు. చిన్నప్పుడు అక్క తనను పక్కన నిలబెట్టుకుని నాట్యం నేర్పబోయింది. పదో రోజున విసిగిపోయి ఇంట్లోవాళ్లతో అన్న మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"రాయవే. 'వీడికి అడవు పట్టుబడదు. పుస్తకమిచ్చి కూర్చోబెట్టండి.'"

ఆమె నవ్వుతూ రాసింది. 'చెప్పినవారు' అన్న గడి దగ్గర ఆగితే, మాస్టారే కలం లాక్కుని రాశాడు: మా అక్క.