కంచెలో ఖాళీ

బిహి కుడిచేతికి తోలు తొడుగు బిగించి, కొడవలి అంచును బొటనవేలితో తడిమి చూశాడు. ఎడమ తొడుగును ఏనాడో మేక నమిలేసింది. అప్పటినుంచి ఆ చెయ్యి ముళ్లకు అలవాటుపడింది. పొట్టి మనిషి, నడుము కొడవలికి పోటీగా వంగింది. పెళ్లయిన నాటినుంచీ అతని పని ఒక్కటే: నూనెకాయలు కాసే అర్గాన్ చెట్ల మధ్య పాకే అడవిరేగు నరకడం, ఎండిన కంపతో ఊరందరికీ కంచెలు కట్టడం.

“నేల సారమంతా ఇదే పీల్చేస్తోంది,” అనేవాడు. తన కొండవాలులో ఒక్క పొద తప్ప అన్నీ నరికేశాడు. వాలు సున్నం కొట్టినట్టు తెల్లగా మెరిసింది. బార్లీ మాత్రం మొలవడం మానేసింది. తాతలనాటి అర్గాన్ చెట్లు ఎండుతున్నాయి. కళ్లు మూసేలోగా ఒక్క కొత్త మొక్కయినా చూడాలని అతని ఆశ.

ఆరోజు అడవి మూసే రోజు. పొద్దుగూకేలోగా ఎవరి భాగానికి వాళ్లు కంప అడ్డం వెయ్యాలి; కాయలు ఏరుకునేదాకా మేకలు లోపలికి రాకూడదు. బిహి కంచెలోనే మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది.

“ఊరందరికీ కంచెలు, మనకేమో గాలి!” అంది భార్య ఇజ్జా, టీ కెటిల్ కింద పెడుతూ.

“చివరి పొద ఉందిగా. ఎంతసేపే?”

కొమ్మ ఎత్తి ఎడమచెయ్యి లోపలికి పోనిచ్చాడు. మన్ను పిండిలా తగిలింది. నల్లగా, చల్లగా, కుళ్లిన ఆకుల వాసనతో. దాని మధ్య మోకాలెత్తు అర్గాన్ మొక్క. ఒక్క ఆకుకైనా మేక పంటిగాటు లేదు.

“ఇజ్జా! దొంగ దొరికింది. గాలికి పోయిందనుకున్న మన మన్నంతా ఇక్కడుంది.”

ఆమె వంగి చూసింది. “దొంగేమిటయ్యా? చుట్టాలొస్తారని నీ కంటబడకుండా నేను బాదంపప్పు దాచనూ? ఇదీ అంతే.”

“మరి ఇన్నాళ్లూ నేను నరికిందంతా?”

“పొయ్యిలోకి పనికొచ్చిందిలే.”

పై కొమ్మ ఒక్కటి నరికినా మేక మెడ దూరుతుంది. బిహి తొడుగు విప్పి పొదకు తగిలించాడు. వెళ్లి కంచె ఖాళీలో, ఉన్నిఅంగీ కప్పుకుని, కాళ్లు బారచాపి కూర్చున్నాడు.

“రేపు పై ఊరినుంచి కంప తెస్తా. ఇవాళ్టికి నేనే కంపని.”

“ముళ్లకేం కొదవలేదులే నీకు,” అని నవ్వుతూ ఇజ్జా ఇంటికి వెళ్లింది.

పొద్దువాలాక మేకలు కొండ దిగాయి. అతన్ని చూసి ఆగి, పక్కకు తిరిగి వెళ్లిపోయాయి. ఇజ్జా చారుగిన్నెతో వచ్చేసరికి బిహి రాళ్లకు చేరగిలబడి, మొక్కవైపే తల తిప్పి ఉన్నాడు. గ్లాసులో టీ చల్లారిపోయింది.

“ఏమయ్యా, చారు...”

గిన్నె కింద పెట్టి అతని చెయ్యి పట్టుకుంది. అదీ టీలాగే చల్లారిపోయింది. అతని పక్కనే కూర్చుంది. ఊరివాళ్లు వచ్చేదాకా ఆ ఖాళీలోంచి కదల్లేదు. వాళ్లు తలా ఒక కంప తమ కంచెల్లోంచి లాగి తెచ్చి, ఆ ఖాళీని మూశారు.

ఆ తొడుగును ఎవరూ తియ్యలేదు. వానలు పడ్డాక, దాని చూపుడువేలి చిరుగులోంచి రేగు చిగురొకటి బయటికి వచ్చింది.